పాల లెక్క పక్కన తలనొప్పి లెక్క

తలనొప్పి వస్తే మన ఇళ్లలో ముందు కారణం వెతుకుతారు. నిన్న ఎండలో తిరిగావు, రాత్రి ఫోను చూస్తూ కూర్చున్నావు, తడి ఆరకుండానే జడ వేసుకున్నావు, పొద్దున ఏమీ తినలేదు. ఏదో ఒకటి దొరుకుతుంది. ఒక మాత్ర వేసుకుని, తలకు గుడ్డ కట్టుకుని, చీకటి గదిలో పడుకుంటారు. మర్నాటికి అందరూ మర్చిపోతారు. పది రోజులకు మళ్లీ వస్తుంది, మళ్లీ ఇంకో కారణం దొరుకుతుంది. ఇరవై ఏళ్లు ఇలాగే నెట్టుకొచ్చినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. ఏ రోజు నొప్పిని ఆ రోజే విడిగా చూడటం వల్ల, అవన్నీ కలిసి ఒకే జబ్బు అన్న సంగతి ఎవరికీ తట్టదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మైగ్రేన్‌ను నెల లెక్కన చూడాలి. నెలలో ఎన్ని రోజులు నొప్పి వచ్చింది, ఎన్ని రోజులు మాత్ర పడింది, ఈ రెండు అంకెలు తెలియకపోతే ఎంత పెద్ద డాక్టరైనా సరిగ్గా వైద్యం చేయలేరు. అవి తెలిస్తే మాత్రం సగం దారి తెలిసినట్టే.

ఇదేమీ అరుదైన జబ్బు కాదు. పక్కనున్న కర్ణాటకలో 18 నుంచి 65 ఏళ్ల వాళ్లను ఇంటింటికీ వెళ్లి అడిగి, 2015లో ప్రచురించిన సర్వేలో, ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి పాతిక మంది దాకా తేలారు. ఆడవాళ్లలో ఇంకా ఎక్కువ. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను మంచాన పడేసే జబ్బుల పట్టికలో ప్రపంచవ్యాప్తంగా మైగ్రేన్‌దే మొదటి స్థానం. అయినా మన ఇళ్లలో అది జబ్బుల కోవలోకే రాదు. "ఆమెకు తలనొప్పి ఒంటితత్వం" అనేసి ఊరుకుంటారు.

పేరు తప్పితే మందు తప్పుతుంది

తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం మైగ్రేన్ గుర్తులు ఇవి. మందు వేసుకోకుండా ఉంటే నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటుంది. ఒకవైపే రావడం, నాడి కొట్టుకున్నట్టు దడదడలాడటం, పని చేసుకోనివ్వనంత తీవ్రంగా ఉండటం, మెట్లెక్కినా నాలుగడుగులు నడిచినా పెరగడం, వీటిలో రెండైనా ఉండాలి. దాంతోపాటు వికారమో వాంతో ఉండాలి, లేదంటే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేకపోవాలి. ఇలాంటి నొప్పి కనీసం ఐదుసార్లు వచ్చి ఉండాలి. ఇదంతా గుర్తుండదనుకుంటే మూడు ప్రశ్నలు చాలు. గత మూడు నెలల్లో తలనొప్పి వల్ల ఒక్క రోజైనా పని ఆగిందా? అప్పుడు కడుపులో తిప్పిందా? వెలుతురు ఇబ్బంది పెట్టిందా? రెండింటికి అవునంటే అది మైగ్రేన్ కావడానికే ఎక్కువ అవకాశం.

రెండు వైపులా నొప్పి వస్తే మైగ్రేన్ కాదనుకోవడం పొరపాటు. చాలామందికి తలంతా వస్తుంది, కొందరికి మెడ వెనకనుంచి మొదలవుతుంది.

మన దగ్గర మైగ్రేన్‌కు ఎక్కువగా తగిలించే పేరు సైనస్. నొప్పి నుదుటి మీద, కంటి కింద ఉంటుంది, కన్ను నీరు కారుతుంది, ముక్కు దిబ్బడ వేస్తుంది, కాబట్టి సైనస్ అంటారు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి రేగినప్పుడు, దానికి లంకె ఉన్న నాడుల వల్ల కన్నూ ముక్కూ కూడా స్పందిస్తాయి. అమెరికాలో "నాకు సైనస్ తలనొప్పి" అని తమకు తామే చెప్పుకున్న 2,991 మందిని పరీక్షిస్తే, నూటికి 88 మందికి ఉన్నది మైగ్రేన్ తరహా నొప్పి. నిజమైన సైనస్ ఇన్ఫెక్షన్‌లో చిక్కటి పసుపుపచ్చ చీమిడి వస్తుంది, జ్వరం ఉండొచ్చు, వాసన తెలియదు. నెలకు మూడుసార్లు వచ్చి, ఒక్క రోజులో తగ్గిపోయే సైనస్ అంటూ ఉండదు.

తర్వాతి వరస పైత్యానిది. నొప్పి ముదిరాక పసరు వాంతి అవుతుంది, వాంతి అయ్యాక కాస్త తేలికపడుతుంది, అందుకని నేరం కడుపు మీదకు పోతుంది. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు మింగుతారు. నిజానికి మైగ్రేన్ వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది, వికారం పుట్టేది మెదడు కాండంలో. ఇక మెడనొప్పి ఉంటే స్పాండిలోసిస్ అంటారు. నలభై దాటినవాళ్లలో చాలామందికి మెడ ఎం.ఆర్.ఐ. తీస్తే ఏదో ఒక డిస్కు ఉబ్బినట్టు రిపోర్టు వస్తుంది, దాని మీద కాలరు కట్టేస్తారు. మెడ పైభాగపు నాడులూ ముఖపు నాడీ మెదడు కాండంలో ఒకే చోట కలుస్తాయి, మైగ్రేన్‌లో మెడ పట్టేసేది అందుకే. కళ్లద్దాల పవరు మార్చినంత మాత్రాన మైగ్రేన్ పోదు. బీపీ కూడా 180/120 దాటితే తప్ప మామూలుగా తలనొప్పి తెప్పించదు. నొప్పితో విలవిల్లాడుతున్నప్పుడు చూస్తే బీపీ పెరిగే ఉంటుంది. అది నొప్పి వల్ల పెరిగిన బీపీ.

నొప్పికి ముందే జబ్బు మొదలవుతుంది. కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ఒకటి రెండు రోజుల ముందే, ఆవులింతలు ఆగకుండా వస్తాయి, మెడ బిగుస్తుంది, చిరాకు పుడుతుంది, మాటిమాటికీ మూత్రం వస్తుంది, తీపి మీదకు మనసు పోతుంది. ఆ కోరికతో చాక్లెట్ తింటారు, సాయంత్రం తల నొస్తుంది, నేరం చాక్లెట్ మీద పడుతుంది. అప్పటికే మైగ్రేన్ మొదలైపోయిందన్నమాట. ఐదుగురిలోనో నలుగురిలోనో ఒకరికి ఆరా అనే దశ కూడా ఉంటుంది. కంటి ముందు మెరిసే వంకరటింకర గీతలు వస్తాయి, మధ్యలో చూపు మసకబారుతుంది, అది నెమ్మదిగా పక్కకు పాకి 5 నుంచి 60 నిమిషాల్లో పోతుంది. కొందరికి చేతి వేళ్లనుంచి పెదాల దాకా తిమ్మిరి పాకుతుంది. నెమ్మదిగా పాకడమే ఇక్కడ గుర్తు. పక్షవాతం ఒక్కసారిగా పడుతుంది.

లోపలి కథ క్లుప్తంగా చెప్పుకుందాం. రక్తనాళాలు ఉబ్బడమే మైగ్రేన్ అని పాతకాలంలో అనుకునేవాళ్లు. మెదడు పొరల్లోని ట్రైజెమినల్ నాడి కొసలు సి.జి.ఆర్.పి. అనే పదార్థాన్ని వదలడం, ఆ నాడీమార్గం అంతా అతిసున్నితంగా మారడం అసలు సంగతి అని తేలింది. ఈ పని మీద నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో, మెదడు పరిశోధనలకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ వచ్చింది. మనకు పనికొచ్చే భాగం ఏమిటంటే, మైగ్రేన్ ఉన్నవాళ్ల మెదడు మార్పును భరించదు. నిద్రలో మార్పు, తిండివేళల్లో మార్పు, హార్మోన్లలో మార్పు, వెలుతురులో మార్పు. ఇది చాలావరకు పుట్టుకతో, కుటుంబంతో వచ్చిన గుణం. అమ్మమ్మకు ఉందా అని అడిగితే ఉందనే చెబుతారు.

శుక్రవారం తలస్నానం

ముంబయికి చెందిన తలనొప్పుల వైద్యుడు కె. రవిశంకర్, తలస్నానం చేస్తే మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల వివరాలను 2006లో ఒక అంతర్జాతీయ పత్రికలో రాశారు. విదేశీ పుస్తకాల్లో కనపడని కారణం ఇది. మన ఆడవాళ్లకు చెబితే "ఇందులో కొత్తేముంది" అంటారు. అంత మామూలు విషయం మనకు.

ఒక సాధారణ శుక్రవారాన్ని చూడండి. పూజ ఉందని తెల్లవారుజామున నాలుగున్నరకే లేవడం, అంటే గంటన్నర నిద్ర తగ్గింది. తలస్నానం, ఒత్తు జుట్టు, తువ్వాలు చుట్టి అలాగే వంటపనిలోకి. తల ఆరడానికి సాంబ్రాణి పొగ, దాని మీద అగరొత్తులు. పూజ అయ్యేదాకా కాఫీ లేదు. మధ్యాహ్నం దాకా ఉపవాసం. పన్నెండింటికి ఎండలో గుడికి. ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా నొప్పి తెప్పించకపోవచ్చు. పోయిన వారం ఇవన్నీ చేసినా రాకపోవచ్చు కూడా. నెలసరి దగ్గరపడిన వారమో, ముందురోజు నిద్రలేని వారమో అయితే వస్తుంది. సాయంత్రానికి తలుపులు మూసుకుని పడుకుంటే ఇంట్లోవాళ్లు "తలస్నానం పడలేదు" అంటారు.

అందుకని తలస్నానం మానేయక్కర్లేదు, పూజా మానక్కర్లేదు. పోగుపడిన వాటిలో రెండు మూడు తీసేస్తే చాలు. తలస్నానం ముందురోజు సాయంత్రానికి మార్చుకోవచ్చు. ఏమైనా తిన్నాకే చేయాలి, తువ్వాలు చుట్టి వదిలేయకుండా వెంటనే ఆరబెట్టుకోవాలి. సాంబ్రాణి పొగ దగ్గరకు వెళ్లకపోవడం మంచిది. మైగ్రేన్ ఉన్నవాళ్లను ఘాటైన వాసనలు ప్రత్యేకంగా బాధిస్తాయి, మిరపకాయల తాలింపు అయినా, సెంటు అయినా.

ఉపవాసం గురించి వాదన పెట్టుకోవడం నాకిష్టం లేదు, వ్రతం ఎవరిష్టం వాళ్లది. కానీ మైగ్రేన్ ఉన్నవాళ్లు నిర్జల ఉపవాసం చేయకూడదని ఖచ్చితంగా చెబుతాను. పాలు, పళ్లు, మజ్జిగ, కొబ్బరినీళ్లు మూడు నాలుగు గంటలకొకసారి తీసుకుంటే కార్తీక సోమవారాలు గడిచిపోతాయి. కాఫీది ఇంకో లెక్క. రోజూ రెండు మూడు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే 12 నుంచి 24 గంటల్లో దానికదే ఒక తలనొప్పి మొదలవుతుంది, రెండో రోజు ముదురుతుంది. రంజాన్ మొదటి రోజుల్లో చాలామందికి తల పగిలేది చాలావరకు ఇందుకే. రెండు వారాల ముందునుంచే కప్పు కప్పు తగ్గించుకుంటూ రావాలి, సహరీ ఎగ్గొట్టకూడదు.

నిద్ర విషయంలో హైదరాబాదు ఐటీ ఉద్యోగుల శనివారం ఒక మంచి ఉదాహరణ. వారమంతా అర్ధరాత్రి దాకా పని, శనివారం పదిన్నరకు లేవడం. నిద్ర మారింది, కాఫీ వేళ మారింది, టిఫిన్ పోయింది, వారం ఒత్తిడి ఒక్కసారిగా దిగిపోయింది. ఒత్తిడి దిగే గంటల్లోనే మైగ్రేన్ ఎక్కువగా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. సెలవురోజైనా మామూలు వేళకు గంట తేడాలోనే లేవాలి. రాత్రి షిఫ్టు తప్పనివాళ్లు వారానికోసారి మారే షిఫ్టుకన్నా నెలంతా ఒకే షిఫ్టు అడగడం మేలు.

ఎండకు టోపీ, నల్లద్దాలు, నీళ్లు. ఇందులో చెప్పేదేమీ లేదు. ఇంట్లో కూడా రోజంతా నల్లద్దాలు పెట్టుకుంటే మాత్రం కన్ను చీకటికి అలవాటుపడి వెలుతురు ఇంకా గుచ్చుకుంటుంది.

పథ్యాల జాబితాలు చూస్తే నాకు కోపమొస్తుంది. వంకాయ వద్దు, చింతపండు వద్దు, ఆవకాయ వద్దు, పెరుగు వద్దు. వీటికి మైగ్రేన్‌తో ముడిపెట్టడానికి గట్టి ఆధారం లేదు. మద్యానికి, ముఖ్యంగా రెడ్ వైన్‌కు, కొంత ఉంది. అజీనొమోటోకు కూడా అనుకున్నంత లేదు. ఇన్ని మానేసినవాళ్లు చివరికి పూట తిండే సరిగ్గా తినరు, ఆ ఆకలే నొప్పి తెస్తుంది. ఏది తిన్నామన్నదానికన్నా ఏ వేళకు తిన్నామన్నదే ముఖ్యం.

మాత్ర ఎప్పుడు, ఎంత

నొప్పి వచ్చాక "చూద్దాం, తగ్గుతుందేమో" అని రెండు మూడు గంటలు ఆగి, భరించలేనప్పుడు మాత్ర వేసుకుంటారు. అప్పటికి కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర లోపలికెళ్లినా రక్తంలోకి సరిగ్గా ఎక్కదు. వాంతితో బయటికి రావడం సరేసరి. దువ్వెన పెట్టినా, దిండుకు ఆన్చినా తల చర్మం మండే దశ వచ్చిందంటే మెదడు లోపలి నాడులు కూడా రేగాయని అర్థం. ఆ తర్వాత ఏ మందైనా సగమే పనిచేస్తుంది. నొప్పి మొదలైన అరగంట, గంట లోపు, ఇంకా ఓర్చుకోగలిగేలా ఉన్నప్పుడే వేసుకోవాలి.

మోతాదు కూడా సరిపోవాలి. పెద్దవాళ్లకు పారాసెటమాల్ 1000 మి.గ్రా., ఐబుప్రొఫెన్ 400, నాప్రోక్సెన్ 500, ఆస్పిరిన్ 900 నుంచి 1000. మనవాళ్లు 500 పారాసెటమాల్ ఒకటి వేసుకుని "నాకు మాత్రలు పనిచేయవు" అంటారు. వికారం ఉంటే డాక్టరును అడిగి డోంపెరిడోన్ 10 మి.గ్రా. పావుగంట ముందు వేసుకుంటే నొప్పి మాత్ర కూడా బాగా ఎక్కుతుంది. కడుపు పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు పారాసెటమాల్ తప్ప మిగతావి డాక్టరును అడగకుండా వద్దు. జ్వరంతో తలనొప్పి వస్తే అది మైగ్రేన్ లెక్కలోకి రాదు. వానాకాలంలో డెంగీ అయ్యే అవకాశం ఉంది కాబట్టి అప్పుడు ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టకూడదు. పదహారేళ్ల లోపు పిల్లలకు ఆస్పిరిన్ ఎప్పుడూ వద్దు.

మామూలు మాత్రలతో రెండు మూడుసార్లు ఫలితం లేకపోతే ట్రిప్టాన్ల వంతు. సుమాట్రిప్టాన్ 50 లేదా 100, రైజాట్రిప్టాన్ 10 మి.గ్రా. (నివారణకు ప్రొప్రనలాల్ అనే మందు వాడుతుంటే 5). ఇవి మత్తు మాత్రలు కావు, మైగ్రేన్ కోసమే తయారైనవి. వేసుకున్నాక ఛాతీ, గొంతు బిగుసుకున్నట్టు కాసేపు అనిపించడం మామూలే. గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు ఇవ్వకూడదు. ఆరా ఉన్నవాళ్లు గీతలు కనిపించేటప్పుడు కాక నొప్పి మొదలైనప్పుడు వేసుకోవాలి. మొదటి మాత్రకు తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలు దాటాక ఇంకొకటి వేసుకోవచ్చు. మొదటిది అసలే పనిచేయకపోతే రెండోదీ చేయదు. నాప్రోక్సెన్‌తో కలిపి వేసుకుంటే నొప్పి తిరగబెట్టడం తగ్గుతుంది.

మందులషాపులో "తలనొప్పి మాత్ర ఇవ్వండి" అంటే చేతికొచ్చేవాటిలో ఎర్గోటమైన్, కెఫీన్, పారాసెటమాల్, వాంతి మందు కలిపిన మాత్రలు ఇప్పటికీ ఉంటున్నాయి. స్ట్రిప్పు వెనక అచ్చు చిన్నది, అయినా చదవాలి. ఎర్గోటమైన్ రక్తనాళాలను బిగిస్తుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతోనో, కొన్ని హెచ్.ఐ.వి. మందులతోనో కలిస్తే వేళ్లకు రక్తం అందక నల్లబడి కుళ్లిపోయే ప్రమాదం ఉంది. గర్భిణులకు నిషిద్ధం. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల లోపు వేసుకోకూడదు. ట్రిప్టాన్లు దొరుకుతున్న ఈ రోజుల్లో దీన్ని వాడాల్సిన అవసరం చాలా తక్కువమందికి ఉంటుంది.

నుదుటి మీద బామ్ సంగతి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టినప్పటినుంచి తెలుగిళ్లలో తలనొప్పికి అదే తొలి మందు. చర్మం మీద చల్లటి మంట పుట్టించి నొప్పినుంచి మనసు మళ్లిస్తుంది, అంతవరకే. ఘాటు వాసన పడనివాళ్లు గుడ్డలో చుట్టిన ఐసు ముక్కలు నుదుటికీ మెడ వెనకా పెట్టుకోవడం మేలు. శొంఠి పట్టు ఎక్కువసేపు ఉంచితే చర్మం బొబ్బలెక్కుతుంది.

మాత్రే నొప్పి తెస్తుంది

మొదట్లో రెండు అంకెలు అన్నాను కదా, అందులో రెండోది ఎందుకంత ముఖ్యమో ఇక్కడ చెప్పాలి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, ట్రిప్టాన్, ఎర్గోటమైన్, ట్రామడాల్ (నల్లమందు తరహా నొప్పి మాత్ర), కలగలుపు మాత్రలైతే నెలకు 10 రోజులు, ఇలా మూడు నెలలకు మించి వాడితే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడుతుంది. లెక్క రోజులది, మాత్రలది కాదు. ఒకే రోజు మూడు వేసుకుంటే ఒక రోజు. రోజుకొకటి చొప్పున పన్నెండు రోజులు వేసుకుంటే పన్నెండు రోజులు, ఇదే ప్రమాదకరం. నడుంనొప్పికి, మోకాళ్లనొప్పికి వేసుకున్నవి కూడా ఇందులోకే వస్తాయి. జబ్బు రూపం కూడా మారిపోతుంది: అప్పుడప్పుడు దడదడలాడే నొప్పి పోయి, పొద్దున లేస్తూనే తల బరువు, మాత్ర వేస్తే తగ్గి, దిగగానే మళ్లీ.

దీనికి మందు, మాత్ర ఆపడమే. ఆపిన తర్వాత 2 నుంచి 10 రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది, వికారం, నిద్రలేమి ఉంటాయి. ఈ సంగతి ముందే చెప్పకపోతే మూడో రోజు భయపడి మళ్లీ వేసేసుకుంటారు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్, ట్రిప్టాన్లు ఒక్కసారిగా ఆపవచ్చు. ట్రామడాల్, నిద్రమాత్రలు మాత్రం డాక్టరు చూస్తుండగా మెల్లగా తగ్గించాలి. నివారణ మందు అదే రోజునుంచి మొదలుపెడితే దాటడం సులువు. పరీక్షలు, పెళ్లి పనులు లేని వారం చూసుకోవాలి.

లెక్క పెట్టడానికి యాప్‌లు ఉన్నాయి. నా ఓటు మాత్రం వంటింటి గోడమీది తెలుగు క్యాలెండరుకే. పాలు రాని రోజు, గ్యాసు బండ వచ్చిన రోజు ఎలాగూ దానిమీదే రాస్తారు. తలనొప్పి వచ్చిన రోజు గడిలో త, మాత్ర వేసుకుంటే దాని పక్కన చుక్క, నెలసరి మొదలైన రోజున ఒక గీత. పని పూర్తిగా ఆగిపోతే త చుట్టూ సున్నా. ఏకాదశి, పండగ ఎలాగూ అచ్చువేసే ఉంటాయి. మూడు నెలలు రాశాక ఆ మూడు కాగితాలూ ఫోటో తీసి డాక్టరు ముందు పెడితే, "తరచుగా వస్తుందండీ" అన్న మాటకన్నా వంద రెట్లు పనికొస్తుంది. చుక్కలు నెలకు ఎనిమిదికి చేరాయంటే పదికోసం ఆగకూడదు.

రాకుండా చేసే మందులు

నెలకు నాలుగు రోజులు, ఆపైన మైగ్రేన్ వస్తుంటే, లేదా తక్కువసార్లు వచ్చినా మంచాన పడేస్తుంటే, నివారణ మందు గురించి మాట్లాడాల్సిందే. ఇక్కడే మనవాళ్లు వెనకాడతారు. "రోజూ మాత్రా, అలవాటైపోదూ?" అంటారు. నెలకు పదిహేను నొప్పి మాత్రలు మింగడానికి మాత్రం ఎవరికీ భయం లేదు.

ప్రొప్రనలాల్ పాతది, చవకది. రోజుకు 40 మి.గ్రా.తో మొదలుపెట్టి 80 నుంచి 160 దాకా పెంచుతారు. ఆస్తమా ఉన్నవాళ్లకు వద్దు, హఠాత్తుగా ఆపకూడదు. అమిట్రిప్టిలిన్ రాత్రి 10 మి.గ్రా.తో మొదలు, సరిగ్గా నిద్రపట్టనివాళ్లకు బాగా సరిపోతుంది. పడుకునే ముందు కాక రెండు గంటల ముందే వేసుకుంటే పొద్దుటి మత్తు తగ్గుతుంది. నోరెండటం, మలబద్ధకం ఉంటాయి. టోపిరమేట్ వారానికి 25 చొప్పున పెంచుతూ రోజుకు 100 దాకా. బరువు తగ్గుతారు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, నోటిదాకా వచ్చిన మాట దొరకదు. కిడ్నీలో రాళ్లు వచ్చే స్వభావం ఉంటే వద్దు, మన ఎండల్లో నీళ్లు బాగా తాగాలి. ఫ్లునారిజిన్ 5 నుంచి 10 మి.గ్రా. రాత్రిపూట మన దేశంలో విరివిగా రాస్తారు. పనిచేస్తుంది, కానీ బరువు, మగత, దిగులు పెంచుతుంది. పెద్ద వయసువాళ్లలో చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం తేవచ్చు. ఆపమని చెప్పేవాళ్లు లేక దీన్ని ఏళ్లకేళ్లు మింగడం మంచిది కాదు. వాల్‌ప్రోయేట్ పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లకు ఇవ్వకూడదు, కడుపులో బిడ్డకు హాని. గర్భం ఆలోచన ఉంటే టోపిరమేట్ కూడా వద్దు.

ఈ మందులు ఓడిపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం తొందర. రెండు వారాలు వాడి "తగ్గలేదు" అని మానేస్తారు. పూర్తి మోతాదుకు చేరాక ఎనిమిది వారాలు చూడాలి. నెలకు పది రోజుల నొప్పి ఐదుకు దిగితే అది గెలుపే, సున్నా కోసం చూడకూడదు. 6 నుంచి 12 నెలలు బాగుంటే మెల్లగా తగ్గిస్తారు.

సి.జి.ఆర్.పి.ని అడ్డుకునే ఇంజెక్షన్లలో మొదటిదైన ఎరెనుమాబ్‌కు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకొకసారి చర్మం కిందకు ఇచ్చేది, మలబద్ధకం తప్ప ఇబ్బందులు తక్కువ. అమెరికా తలనొప్పి సంఘం 2024లో ఈ తరగతి మందులను మొదటి వరసలోనే వాడొచ్చని చెప్పింది. మనకు ధర అందదు. చవక మందులతో మొదలుపెట్టడమే సబబు, కానీ రెండు మందులు సరిగ్గా వాడినా ఫలించకపోతే వీటి గురించి అడగడానికి మొహమాటపడొద్దు. నెలకు 15 రోజులకు పైగా తలనొప్పి ఉన్నవాళ్లకు బొటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. తల, మెడ మీద 31 చోట్ల మొత్తం 155 యూనిట్లు, పన్నెండు వారాలకొకసారి. అంతకన్నా తక్కువ రోజులు వచ్చేవాళ్లకు అది దండగ.

మందులు కానివాటిలో వ్యాయామానిది మొదటి మాట. స్వీడన్‌లో 91 మందిని మూడు గుంపులు చేసి చూస్తే, వారానికి మూడుసార్లు 40 నిమిషాల సైక్లింగ్, టోపిరమేట్ దాదాపు సమానంగా పనిచేశాయి. ఢిల్లీ ఎయిమ్స్‌లో 114 మంది మీద చేసిన అధ్యయనంలో మందులకు యోగా తోడైతే నొప్పి రోజులూ మాత్రలూ రెండూ మరింత తగ్గాయి. రైబోఫ్లేవిన్ రోజుకు 400 మి.గ్రా., మూడు నెలలు వాడితే కొందరికి మేలు చేస్తుంది. మామూలు బి కాంప్లెక్స్ మాత్రలో ఉండేది అందులో చాలా చిన్న వంతు, కాబట్టి దాన్ని దీనికి బదులు అనుకోవద్దు. మెగ్నీషియం 400 దాకా వాడొచ్చు, విరేచనాలైతే తగ్గించాలి.

ఆడవాళ్లకు ఇంకో లెక్క ఉంది. నెలసరికి రెండు రోజుల ముందునుంచి మూడో రోజు దాకా ఈస్ట్రోజన్ అనే హార్మోను పడిపోతుంది, అప్పుడొచ్చే మైగ్రేన్ మొండిది, ఎక్కువసేపు ఉంటుంది. క్యాలెండరులో ఆ వరస కనిపించి, తేదీలు క్రమంగా ఉంటే, డాక్టరు సలహాతో రెండు రోజుల ముందునుంచి ఐదారు రోజులు నాప్రోక్సెన్ 500 పూటకొకటి రెండు పూటలా వాడే పద్ధతి ఉంది. ఆరా ఉన్నవాళ్లు ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పెళ్లిళ్లకు, వ్రతాలకు నెలసరి వాయిదా వేసే మాత్రలు కూడా "నాకు కంటి ముందు గీతలు వస్తాయి" అని డాక్టరుకు చెప్పకుండా వేసుకోవద్దు. గర్భంతో ఉన్నప్పుడు నాలుగో నెలనుంచి చాలామందికి మైగ్రేన్ తగ్గుతుంది. అప్పుడు పారాసెటమాలే దిక్కు.

పిల్లల్లో నొప్పి రెండు గంటల్లోనే తగ్గిపోవచ్చు, నుదుటంతా రావచ్చు, నిద్రపోయి లేస్తే మామూలైపోతారు. అందుకే బడి ఎగ్గొట్టే నాటకం అనుకుంటారు. కొందరికి తలనొప్పి లేకుండా కడుపునొప్పే వస్తుంది. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద 2017లో వచ్చిన అధ్యయనంలో అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ రెండూ మందు లేని ఉత్తి మాత్రను మించి పనిచేయలేదు. కాబట్టి పిల్లలకు ముందు చూడాల్సింది టిఫిన్ తినకుండా బస్సెక్కుతున్నారా, రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నారు, బడిలో నీళ్లు తాగుతున్నారా అన్నవి. నొప్పి వచ్చినప్పుడు బరువుకు తగ్గ ఐబుప్రొఫెన్, చీకటి గది, నిద్ర.

ఎవరికి స్కాన్ కావాలి? ఏళ్లుగా ఒకే తీరులో వస్తూ, నరాల పరీక్షలో తేడా లేనివాళ్లకు అక్కర్లేదు. ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరిన నొప్పి, జీవితంలో ఎన్నడూ రానంత నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, తలకు దెబ్బ తగిలాక వచ్చినది, యాభై దాటాక కొత్తగా మొదలైనది, చెయ్యో కాలో చచ్చుబడటం, ఫిట్స్, పడుకుంటే పెరిగి చూపు క్షణంపాటు నల్లబడటం, క్యాన్సరో హెచ్.ఐ.వి.నో ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చినది, ఇవి వేరే జబ్బు గుర్తులు. కొత్త బాలింతకు వచ్చే తలనొప్పిని ప్రత్యేకంగా చూడాలి. కాన్పు తర్వాత మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టడం మన దేశంలో కొత్తేమీ కాదు, బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే ఇళ్లలో ముప్పు ఇంకా పెరుగుతుంది. ఆమెకు తలనొప్పి రోజురోజుకూ పెరుగుతుంటే, వాంతులో ఫిట్సో తోడైతే, పథ్యం, గాలి, దిష్టి అని ఇంట్లో ఉంచుకోకుండా న్యూరాలజిస్టు, స్కాను రెండూ ఉన్న ఆసుపత్రికి ఆ రోజే తీసుకెళ్లాలి.